దీవుల దారిలో దొంగల భయం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి పడవలో బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే నెలలో తిరిగివచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల గురించి, వారిలోని ఇద్దరు తెలుగు ఆడపిల్లల గురించి గత సంచికలో రాసిన నాలుగు మాటలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. వాటిలో తుఫానుల గురించి అడిగినవారు ఇద్దరే, మిగిలినవారందరూ దొంగల గురించే అడిగారు. ఇరవై ఆరేళ్లు సరుకు ఓడల మీద, ఆ తరువాత అయిదు శీతకాలాలు ఒక మిత్రుడి తెరచాప పడవ మీద దీవుల మధ్య తిరిగి, చివరికి సముద్రం కనబడని తిరుపతిలో స్థిరపడినవాడిని కనుక, నాకు తెలిసినంత మేరకు జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు అమెరికాలో ఉద్యోగాలకు ఆరు నెలలు సెలవు పెట్టి నలభై అడుగుల తెరచాప పడవలో కరీబియన్ దీవుల మధ్య తిరుగుతున్నారు. జనవరిలో మమ్మల్ని గ్రెనడాకు వచ్చి ఒక నెల తమతో పడవలోనే ఉండమని పట్టుబడుతున్నారు. నాకు 67, మా ఆవిడకు 62. అక్కడ ఓడదొంగలు మనుషులను చంపి సముద్రంలో పారేస్తారని మా తోడల్లుడు చెప్పినప్పటి నుంచి ఆవిడకు నిద్ర లేదు. నిజంగా అంత భయపడవలసినదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: మాస్టారూ, మీ తోడల్లుడి మాటకు ఆధారం లేకపోలేదు. 2024 ఫిబ్రవరిలో గ్రెనడాలో పోలీసుల నిర్బంధం నుంచి తప్పించుకున్న ముగ్గురు, తీరానికి దగ్గరలో ఉన్న ఒక తెరచాప పడవ ఎక్కి, అందులోని అమెరికన్ దంపతులతో సహా దానిని సెయింట్ విన్సెంట్ అనే పక్క దీవి వైపు నడిపించుకుపోయారు. పడవ దొరికింది, ఆ ముగ్గురూ దొరికారు, దంపతులు మాత్రం దొరకలేదు. వారు బతికి ఉండరనే పోలీసులు భావించారు. ఆ తీరం నాకు తెలిసినదే కనుక ఆ వార్త చదివిన రాత్రి నాకూ సరిగా నిద్ర పట్టలేదు. అయితే అది ఓడదొంగల పని కాదు. పోలీసుల చేతిలోంచి జారుకున్నవాడు మన ఊళ్లో అయితే కనబడిన మోటారు సైకిలు ఎత్తుకుపోతాడు, అక్కడ పడవ ఎత్తుకుపోయాడు. పడవల్లో కాపురం చేసేవాళ్లు ఆ సంఘటనను ఇప్పటికీ తలుచుకుంటున్నారంటే, అలాంటివి చాలా అరుదు కావడమే కారణం.

మీ అబ్బాయికి ఎదురయ్యే అవకాశం ఉన్నది వేరే రకం దొంగతనం. పెద్ద పడవ ఒడ్డుకు కొంత దూరంలో లంగరు వేసుకుని నిలబడుతుంది. ఒడ్డుకు పోయి కూరలు, మంచినీళ్లు తెచ్చుకోవడానికి డింగీ అనే చిన్న రబ్బరు పడవ, దాని వెనక ఒక ఔట్‌బోర్డు మోటారు ఉంటాయి. మనకు ఇంటి ముందు స్కూటరు ఎలాగో వాళ్లకు అది అలాగన్నమాట. ఆ మోటారు అక్కడి జాలరి పడవకు కూడా అచ్చంగా సరిపోతుంది, కొనాలంటే మాత్రం అతని నెలల సంపాదన పోయాలి. అందువల్ల ఆ దీవుల్లో దొంగతనమంటే ముందు డింగీ, తరువాతే మరేదైనా. అక్కడ పడవల మీద జరిగే నేరాలను ఎప్పటికప్పుడు నమోదు చేసి అందరికీ తెలియజేసే కరీబియన్ సేఫ్టీ అండ్ సెక్యూరిటీ నెట్ అనే స్వచ్ఛంద సంస్థ ఒకటి ఉంది. దాని జాబితాలు తిరగేస్తే, తాళ్లు కోసి ఎత్తుకుపోయిన డింగీలు, మాయమైన మోటార్లే పేజీల నిండా కనిపిస్తాయి.

మన తిరుపతి నుంచి సికింద్రాబాదుకు రాత్రి రైలెక్కేవారిలో చాలామంది బెర్తు కింద సూట్‌కేసుకు గొలుసు చుట్టి తాళం వేస్తారు. ఆ గొలుసును కోయడం దొంగకు చేతకాదని కాదు, గొలుసు లేని సూట్‌కేసు పక్క బెర్తు కింద ఉంటుందని మనకూ తెలుసు, దొంగకూ తెలుసు. డింగీ విషయమూ ఇంతే. చీకటి పడగానే దానిని తాళ్లతో నీళ్లలోంచి పైకెత్తి పెద్ద పడవ పక్కన వేలాడదీసి, పడవకు ఇనుప గొలుసుతో కట్టి తాళం వేసుకున్నవాళ్ల జోలికి దొంగ సాధారణంగా రాడు.

ఇది నేను పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. ఒక దీవిలో సాయంత్రం నుంచి జల్లు పడుతుండగా, భోజనాలయ్యాక డింగీని పైకెత్తడానికి బద్ధకించి, ఈ ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని పడవ వెనకే కట్టి పడుకున్నాం. తెల్లవారి కాఫీ గ్లాసుతో వెనక్కి వెళ్లి చూస్తే, కట్టిన ముడి కట్టినట్టే ఉంది. దాని నుంచి జానెడు మోకు వేలాడుతోంది, దాని కొన మాత్రం కొడవలితో నరికిన చెరుకు గడలా నున్నగా ఉంది. ఇద్దరం మనుషులం అయిదారు అడుగుల దూరంలో పడుకుని ఉండగా వచ్చి కోసుకుపోయారు, మాకు చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా వినబడలేదు. మూడో రోజు ఆ డింగీ మడ చెట్ల మధ్య దొరికింది. అందులో మా నీళ్ల సీసా, నా ఎడమ కాలి చెప్పు భద్రంగా ఉన్నాయి, మోటారు లేదు. అక్కడి పోలీసు స్టేషనులో ఒక పెద్ద రూళ్ల పుస్తకం తెరిచి ఎంతో మర్యాదగా వివరాలు రాసుకున్న కానిస్టేబులు, మోటారు మీద సీరియల్ నంబరు ఎంత అని అడిగినప్పుడు, నేనూ నా మిత్రుడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మీ అబ్బాయి ఆ నంబరును ఇవాళే ఫోటో తీసి పెట్టుకోవాలి.

రెండో ప్రమాదం నిద్రలో ఉన్నప్పుడు పడవ ఎక్కేవాడు. ఉక్క భరించలేక పైకప్పు తలుపులన్నీ తెరిచి పడుకోవడం అక్కడ మామూలు, దొంగకు కావలసినదీ అదే. మనిషి దూరకుండా గాలి మాత్రం వచ్చేట్టు స్టీలు కడ్డీలు బిగించుకున్నవాళ్లు హాయిగా నిద్రపోతారు. మీ అబ్బాయి పడవకు అవి ఉన్నాయా అని అడగండి. లేకపోతే జనవరిలోపు బిగించమనండి, మామగారు అడిగారంటే కోడలే దగ్గరుండి చేయిస్తుంది.

ఏ దేశం మంచిది, ఏ దేశం చెడ్డది అని అడిగితే నేను జవాబు చెప్పను, ఎందుకంటే ఈ తేడా దేశాన్ని బట్టి కాక ఒక్కొక్క రేవును బట్టి, ఒక్కొక్కసారి ఏడాదిని బట్టి ఉంటుంది. డొమినికా దీవిలో పోర్ట్స్‌మౌత్ అనే రేవు ఉంది. వచ్చిన ప్రతి పడవను చుట్టుముట్టి పండ్లు కొనమని, తాడు పట్టుకుంటామని వేధించే కుర్రాళ్లతో ఒకప్పుడు అది పేరు చెడగొట్టుకుంది. ఆ కుర్రాళ్లే తరువాత ఒక సంఘంగా ఏర్పడి, పడవలవాళ్ల దగ్గర కొంత రుసుము తీసుకుని రాత్రిపూట రేవులో గస్తీ తిరగడం మొదలుపెట్టాక, ఇవాళ అక్కడ లంగరు వేయడానికి జనం వెతుక్కుంటూ వస్తారు. ఇలాంటి రేవులో అడిగిన రుసుము ఇచ్చి, పండ్లమ్మే కుర్రాడి పేరు కనుక్కుని, రోజూ అతని దగ్గరే నాలుగు అరటిపండ్లు కొనడం కంటే మంచి కాపలా ఇంకొకటి నాకు తెలియదు.

ఒక్క దారి విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కు సుమారు 80 నాటికల్ మైళ్ల, అంటే దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం ఉంది, ట్రినిడాడ్‌కు వెనిజులా తీరం దగ్గరి చోట 11 కిలోమీటర్లే. వెనిజులా ఆర్థికంగా కూలిపోయి, చేపల వేట మీద బతికే ఊళ్లు పస్తులున్న ఏళ్లలో, అటు నుంచి తుపాకులతో వచ్చిన పడవలు ఈ దారిలో ప్రయాణికులను దోచుకున్నాయి, 2015 డిసెంబరులో రెండు తెరచాప పడవలకు ఆ గతే పట్టింది. అప్పటి నుంచి జాగ్రత్తపరులు తమ ప్రయాణ వివరాలను ముందుగా ట్రినిడాడ్ కోస్ట్‌గార్డుకు తెలియజేసి, రెండు మూడు పడవలు కలిసి వెళుతున్నారు. మీ అబ్బాయి ఉత్తరం వైపు వెళుతుంటే ఈ బెడద లేదు. ఇద్దరూ వెళ్లిరండి. అన్నట్టు, మొదటి మూడు రోజులు ఆవిడ నిద్ర చెడగొట్టేది దొంగ కాదు, వాంతులు. మాత్రలు ఇక్కడే డాక్టరును అడిగి తీసుకువెళ్లండి.

ప్రశ్న: సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసి వచ్చాను. నా దగ్గర లైసెన్సు ఉన్న తుపాకీ ఉంది. ముగ్గురు స్నేహితులం కలిసి పాత తెరచాప పడవ కొని, అండమాన్ మీదుగా థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియా, వీలైతే ఫిలిప్పీన్స్ దాకా వెళ్లాలనుకుంటున్నాం. తుపాకీ లేకుండా వెళ్లడం తెలివితక్కువతనం కాదా?
– మాజీ సైనికుడు, చిత్తూరు

జవాబు: కాదు. తీసుకువెళ్లడమే తెలివితక్కువతనం.

సర్ పీటర్ బ్లేక్ అనే న్యూజిలాండ్ నావికుడు తెరచాప పడవల లోకంలో ఎంతటివాడో చెప్పాలంటే, అమెరికాస్ కప్ అనే అత్యున్నతమైన పందెంలో 1995లో, 2000లో తన దేశాన్ని గెలిపించినవాడు. 2001 డిసెంబరులో అమెజాన్ నది ముఖద్వారం దగ్గర, బ్రెజిల్‌లోని మకాపా ఊరి వద్ద ఆయన పడవ లంగరు వేసి ఉండగా, రాత్రివేళ ముసుగులు వేసుకున్న సాయుధులు పైకి ఎక్కారు. ఆయన లోపలికి పోయి రైఫిల్ తీసుకుని కాల్చాడు, ఒకడికి గాయమైంది, అంతలో రైఫిల్ మొరాయించింది, వాళ్ల గుండుకు ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. ఆ పడవ నుంచి వాళ్లు పట్టుకుపోయినవి ఒక 15 హార్స్ పవర్ మోటారు, కొన్ని చేతి గడియారాలు. తుపాకీ లేకపోతే ఆయన తప్పకుండా బతికేవాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ మోటారు కోసం వచ్చినవాడికి మోటారు ఇచ్చి పంపిన నావికులు ఎంతోమంది ఇవాళ తమ కథ తామే చెప్పుకుంటున్నారు. మోటారు నిద్రలోనే పోగొట్టుకున్నా, నేనూ వారిలో ఒకడినే.

ఇక చట్టం సంగతి. మన దేశపు ఆయుధ లైసెన్సు మన సముద్ర సరిహద్దు దాటితే చిత్తు కాగితమే. చాలా దీవి దేశాలలో రేవు చేరగానే తుపాకీని కస్టమ్స్‌కు అప్పగించాలి, తిరిగి వెళ్లేటప్పుడు అదే రేవుకు వచ్చి తీసుకోవాలి. అంటే ఆ దేశపు నీళ్లలో, దొంగ వచ్చే అవకాశం ఉన్నన్నాళ్లూ, అది మీ దగ్గర ఉండదు. చెప్పకుండా దాచిపెట్టి దొరికితే జైలు. సింగపూర్‌లో అయితే తుపాకీ నేరాలకు మరణశిక్ష దాకా ఉంది.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మరొకటి. మీరు వెళ్లే దారిలో చీకట్లో దీపం లేకుండా, మోటారు చప్పుడు చేసుకుంటూ మీ పడవ మీదికి నేరుగా వచ్చే పడవలు చాలా కనిపిస్తాయి. వాటిలో దాదాపు అన్నీ జాలరులవే. వలల మీదుగా వెళ్లవద్దని చెప్పడానికో, ఒక సిగరెట్టు పెట్టె అడగడానికో వస్తారు. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి ఆవల ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకరు మీది సైనికులు, ఓడదొంగలనుకుని ఇద్దరు మన జాలరులను కాల్చి చంపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన వైపు నుంచీ పొరపాటు జరిగింది. 2008 నవంబరులో ఏడెన్ సింధుశాఖలో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ తబర్ ముంచివేసినది దొంగల చేతుల్లో చిక్కిన థాయిలాండ్ చేపల పడవ అని, అందులో బందీలైన జాలరులు ఉన్నారని తరువాత తెలిసింది. శిక్షణ పొందిన సైనికులే పొరబడిన చోట, నిద్రలో లేచిన మనం పొరబడమనే నమ్మకం ఏమిటి?

కాపలాకు సాధనాలు లేవని కాదు. ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి నావికుడు జాషువా స్లోకమ్, 1895లో మొదలుపెట్టిన ఆ ప్రయాణంలో, దక్షిణ అమెరికా కొసన రాత్రిపూట పడవ మీద చిన్న చిన్న మేకులు చల్లి పడుకున్నాడు. చెప్పులు లేని కాళ్లతో ఎక్కినవాళ్లు పెట్టిన కేకలకు ఆయనకు మెలకువ వచ్చింది. కుప్పం, పలమనేరు అంచుల్లో ఏనుగులు వస్తాయని పొలం చుట్టూ తాడు కట్టి డబ్బాలు వేలాడదీసే రైతులను మీరు చూసే ఉంటారు. ఇప్పటి నావికులు కూడా పడవ అంచు చుట్టూ గాలం దారం కట్టి, దానికి ఖాళీ డబ్బాలు తగిలించి పడుకుంటారు. దానికి తోడు కదలికకు వెలిగే దీపం, చెవులు చిల్లులు పడే హారను ఉంటే చాలు. దొంగకు కావలసినది చీకటి, నిశ్శబ్దం. ఆ రెండూ పోతే అతనూ పోతాడు.

ఫిలిప్పీన్స్ విషయంలో మీ పటం మార్చుకోండి. దక్షిణాన, సులూ సముద్రం చుట్టుపక్కల తిరిగే అబూ సయ్యాఫ్ అనే సాయుధ ముఠా 2015లో సమాల్ దీవిలో తెరచాప పడవలు నిలిపే రేవు నుంచి విదేశీయులను ఎత్తుకుపోయి, డబ్బు రాలేదని ఇద్దరి తలలు నరికింది. 2016 నవంబరులో ఒక జర్మన్ దంపతుల పడవ మీద పడి భార్యను చంపి, భర్తను బందీగా తీసుకుపోయి 2017లో చంపింది. ఆ తరువాత సైనిక చర్యలతో ఆ ముఠా బాగా దెబ్బతిన్న మాట నిజమే. అయినా చూడడానికి ఇన్ని వేల దీవులు ఉండగా అటే వెళ్లడానికి ఒక్క కారణమూ నాకు కనబడదు. మలక్కా, సింగపూర్ జలసంధులలో మాత్రం దొంగల కన్ను నెమ్మదిగా వెళ్లే బార్జీల (చదునైన సరుకు పడవల) మీద, సరుకు ఓడల ఇంజను విడిభాగాల మీద ఉంటుంది. అక్కడ మీకు అసలు ప్రమాదం ఆ ఓడల రద్దీయే.

ప్రశ్న: మా అబ్బాయి మర్చంట్ నేవీలో చేరి రెండు నెలలైంది. ఓడ ముంబై నుంచి మొంబాసా, అక్కడి నుంచి మారిషస్ వెళుతుందట. సోమాలియా దొంగల భయం ఇంకా ఉందా?
– ఒక తల్లి, పలమనేరు

జవాబు: అమ్మా, ఉంది, కానీ 2011 ప్రాంతంలో నేను ఓడ మీద ఉన్నప్పటిలా లేదు. అప్పట్లో మన పిల్లలు నెలలు కాదు, ఏళ్ల తరబడి బందీలుగా ఉన్నారు. ఐస్‌బర్గ్ 1 అనే ఓడ సిబ్బంది 2010 మార్చిలో చిక్కి 2012 డిసెంబరులో గాని బయటపడలేదు. ఆ తరువాత చాలా ఏళ్లు సద్దుమణిగి, ఎర్ర సముద్రంలో గొడవలు మొదలైన 2023 చివరి నుంచి మళ్లీ తల ఎత్తింది. అయితే ఈసారి మన నౌకాదళం చాలా దగ్గరగా ఉంది. 2024 మార్చిలో రుయెన్ అనే ఓడను ఐఎన్‌ఎస్ కోల్‌కతా చుట్టుముట్టి, విమానం నుంచి కమాండోలను దించి, 17 మంది సిబ్బందిని క్షేమంగా విడిపించింది. 35 మంది దొంగలు లొంగిపోయారు, వారిని ముంబైకి తెచ్చి ఓడదొంగతనాల మీద వచ్చిన కొత్త చట్టం కింద పోలీసులకు అప్పగించారు.

పెద్ద ఓడకు కొన్ని రక్షణలు ఉంటాయి. ఎత్తయిన గోడలు, వాటి చుట్టూ ముళ్ల తీగలు, నీటిని చిమ్మే గొట్టాలు, దొంగలు ఎక్కినా సిబ్బంది అంతా లోపల తాళం వేసుకుని రేడియోతో సహా దాక్కునే ఇనుప గది. ఆ గదిని సిటడెల్ అంటారు. అందులోకి చేరడం ఎలాగో మీ వాడి చేత ఇప్పటికే అభ్యాసం చేయించి ఉంటారు. చిన్న తెరచాప పడవకు ఇవేవీ ఉండవు. అందుకే 2009 అక్టోబరులో సీషెల్స్ దగ్గర ఒక బ్రిటిష్ దంపతులను పట్టుకుపోయి ఏడాదికి పైగా ఉంచుకోగలిగారు, 2011 ఫిబ్రవరిలో క్వెస్ట్ అనే పడవలోని నలుగురు అమెరికన్లను చంపగలిగారు.

మీరు చేయగలిగినది ఒకటుంది. ఓడ పేరు, ఏ తేదీకి ఎక్కడ ఉంటుందో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, బంధువులనూ పెట్టనివ్వకండి. ఓడదొంగల కంటే మన జిల్లా పిల్లలను ఎక్కువగా ముంచేది దొంగ ఏజెంట్లు కనుక, మీ చుట్టుపక్కల వేరే పిల్లలు ఎవరైనా చేరబోతుంటే, ఆ ఏజెంటుకు ఓడ ఉద్యోగాల్లో మనుషులను చేర్చడానికి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సు ఉందో లేదో చూసిన తరువాతే ముందుకు వెళ్లమని చెప్పండి. అలాంటి ఏజెంటు ఉద్యోగం ఇప్పించినందుకు పిల్లల దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడిగితే అక్కడే లేచి రావాలి.

ప్రశ్న: మిత్రులతో కలిసి అద్దె పడవలో మాల్దీవులు, సీషెల్స్, తరువాత అండమాన్ తిరగాలనుకుంటున్నాం. మమ్మల్ని దోచుకునేవారి సంగతి సరే, తెలియక మేమే నేరం చేసే ప్రమాదం ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పుత్తూరు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. మాల్దీవులలోకి మద్యం, పంది మాంసం తీసుకువెళ్లడం నిషేధం. పడవలో ఉన్న సీసాలను కస్టమ్స్‌వారు సీలు వేస్తారు, ఆ సీలు తెంచడం మీ పని కాదు. నీళ్లలో చేపను గుచ్చే బాణపు తుపాకులు మాల్దీవులలోనూ సీషెల్స్‌లోనూ కుదరవు. అండమాన్‌లో ఉత్తర సెంటినెల్ దీవికి 5 నాటికల్ మైళ్ల లోపలికి వెళ్లకూడదు. అక్కడివారు బయటివారిని రానివ్వరు. 2006లో ఇద్దరు జాలరులు, 2018లో ఒక అమెరికన్ అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి జోలికి వెళ్లడం వారికే ఎక్కువ ప్రమాదం, మన జలుబు చాలు వాళ్లను తుడిచిపెట్టడానికి.

శాటిలైట్ ఫోను విషయం చాలామందికి తెలియదు. నడిసముద్రంలో అది ప్రాణాధారం, కానీ టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి తెస్తే నేరం. ఫోను మాత్రమే కాదు, శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే చిన్న జీపీఎస్ పరికరాలు సంచిలో పెట్టుకున్నందుకే మన విమానాశ్రయాలలో విదేశీయులు అరెస్టయ్యారు. అనుమతి కాగితం చేతిలోకి వచ్చిన తరువాతే కొనండి.

అన్నిటికంటే పెద్ద గొయ్యి మాదకద్రవ్యాలు. దక్షిణ అమెరికా నుంచి ఆస్ట్రేలియాకు కొకెయిన్ చేర్చడానికి పసిఫిక్ దీవుల మధ్య తిరిగే తెరచాప పడవలను వాడుకుంటారు. 2012లో టోంగాలో ఒక పగడపు దిబ్బకు కొట్టుకువచ్చిన పడవలో ఒక మనిషి శవం, 204 కిలోల కొకెయిన్ దొరికాయి. మన నీళ్లు మాత్రం తక్కువా? 2021 మార్చిలో లక్షద్వీప్‌లోని మినికాయ్ దగ్గర ఒక శ్రీలంక పడవలో సుమారు 300 కిలోల హెరాయిన్, అయిదు ఏకే-47 తుపాకులు, 2024 నవంబరులో అండమాన్‌లోని బారెన్ దీవి దగ్గర ఒక మయన్మార్ పడవలో సుమారు 5,500 కిలోల మెథాంఫెటమిన్ అనే మత్తుమందు మన కోస్ట్‌గార్డు పట్టుకుంది. కనుక నీళ్లలో తేలుతూ టేపు చుట్టిన పొట్లం కనబడితే ముట్టుకోకండి. ఎక్కడ కనబడిందో రాసుకుని కోస్ట్‌గార్డుకు రేడియోలో చెప్పి పక్కకు తప్పుకోండి. రేవులో పరిచయమైన పెద్దమనిషి పక్క దీవిలో బావమరిదికి ఇమ్మని ఇచ్చే డబ్బాకూ ఇదే నియమం. అద్దె పడవ అంటున్నారు కనుక, ఎక్కిన రోజే ప్రతి అర, ప్రతి పరుపు కింద చూసి ఫోటోలు తీసుకోండి. తనిఖీలో దొరికినదానికి అప్పుడు పడవలో ఉన్నవాళ్లే ముందు జవాబు చెప్పుకోవాలి.

ప్రశ్న: పూర్వం మన తెలుగు తీరంలోనూ ఓడదొంగతనాలు ఉండేవా?
– చరిత్ర విద్యార్థిని, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం

జవాబు: ఉండేవి, అదీ రాజుల పేరు మీద. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం చదవండి. గాలివానకు కొట్టుకువచ్చి ఒడ్డుకు తగిలిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, సరుకంతా పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల నుంచి తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో ప్రకటించాడు. ఒడ్డుకు పన్నెండు నాటికల్ మైళ్ల లోపల జరిగిన దోపిడీని అంతర్జాతీయ చట్టం ఇవాళ ఓడదొంగతనం అనదు, ఆ దేశపు నేరంగానే లెక్కిస్తుంది. అంటే పడవను ఒడ్డున కాపాడే బాధ్యత నేటికీ ఆ నేల ఏలినవారిదే.

ప్రశ్న: ఆపద వస్తే ఎవరికి, ఎలా చెప్పాలి? అక్కడ 112 పనిచేస్తుందా?
– శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒడ్డు దాటి కొంత దూరం పోయాక సెల్‌ఫోనే పనిచేయదు, ఇక నంబరు మాటెక్కడిది. పడవల్లో ఉండే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానల్ ప్రపంచమంతటా ఆపద ఛానల్. మన తీరానికి దగ్గరలో ఉండి ఫోను పనిచేస్తుంటే కోస్ట్‌గార్డు నంబరు 1554. ఓడదొంగల దాడి అయితే కౌలాలంపూర్‌లోని ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో కేంద్రం రాత్రింబవళ్లు సమాచారం తీసుకుంటుంది. వీటన్నిటికీ తోడు ఈపీఐఆర్‌బీ అనే చిన్న పెట్టె ఉంటుంది. మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు కేక వేస్తుంది. మన సముద్రంలో ఆ కేక బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరి, అక్కడి నుంచి కోస్ట్‌గార్డుకు వెళుతుంది. కొన్న రోజే ఆ పెట్టెను మీ పేరు, పడవ పేరు, ఇంట్లోవారి ఫోను నంబరుతో నమోదు చేయించండి. లేకపోతే కేక వినబడుతుంది గాని వేసినది ఎవరో తెలియదు.

రేడియో పని ఒక్క కెప్టెనుకే తెలిసి ఉంటే లాభం లేదు, దెబ్బ తగిలి పడిపోయేది అతనే కావచ్చు. మొదటి ప్రశ్న పంపిన మాస్టారి శ్రీమతిగారు కూడా పడవ ఎక్కిన రోజే ఇది నేర్చుకోవాలి. బటన్ నొక్కి పట్టుకుని, ఆపదకు గుర్తయిన మేడే అనే మాట మూడుసార్లు అనాలి, పడవ పేరు చెప్పాలి, జీపీఎస్ తెర మీద ఉన్న అంకెలు చదవాలి, ఏమైందో, ఎంతమంది ఉన్నారో చెప్పాలి. తరువాత బటన్ వదలాలి. వదలకపోతే అవతలివారి జవాబు వినబడదు.